మూడో కాలమ్‌లోని మనిషి

ఉదయం ఐదూ నలభైకి రేణుక షార్జాలోని అమెరికన్ సిలబస్ బడిలో, చరిత్ర గది గోడకున్న ఫ్రేము అద్దం తుడుస్తోంది. అద్దం వెనక రెండున్నర శతాబ్దాల నాటి అమెరికా పత్రిక పేజీకి నకలు. మూడో కాలమ్‌లో, పారిపోయిన పనివాడి కోసం యజమాని వేయించిన ప్రకటన. పక్కన బొటనవేలంత బొమ్మ: మూట తగిలించిన కర్రను భుజాన వేసుకుని పరుగెడుతున్న మనిషి. బడి మూశాక అతను పేజీ అంతా తిరుగుతాడు. అద్దం లోపల సిరా అడుగులు పడతాయి. వెనక అట్ట విప్పి వాటిని తుడవడమూ రేణుక పనే.

"ఇవాళ ఎక్కడున్నాడమ్మా?" చరిత్ర చెప్పే అమలాపురం ప్రసాద్ సార్ సంచి దించుతూ అడిగాడు.

"ఓడల వార్త కాడికి ఉరికిండు సార్. ఆయన గురించి ఏం రాసిండ్రు?"

"గోధుమరంగు కోటు. ఎడమ చూపుడువేలు వంకర. పట్టిచ్చినవాళ్లకి బహుమానం."

"వేలెట్ల వంకరైంది?"

"అది రాయలేదు. రాయించింది యజమాని కదా. మా పిల్లలు వారం నుంచీ కోటు రంగు దగ్గరే ఆగిపోయారు."

"బొమ్మ అచ్చం ఆయనేనా?"

"కాదు. అచ్చాఫీసులో ఒకటే చెక్క అచ్చు. ఎవరు పారిపోయినా అదే వేసేవారు."

రేణుక గుడ్డ పిండింది. ఆమె తమ్ముడు పోచన్న షార్జా శివారు సజ్జాలో, సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మిషన్లో వేలు నలిగితే ముదీర్, అంటే మేనేజరు, రేపు, రేపు అంటూ ఆస్పత్రికి పంపకుండా మూడు రోజులు ఆపాడు. నాలుగో రోజు పోచన్న కల్బా పట్నంలో ఉండే తమ ఊరివాళ్ల దగ్గరికెళ్లి, అక్కడి క్లినిక్‌లో కుట్లు వేయించుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఖల్లివెల్లి అయ్యాడని, అంటే పారిపోయాడని, ముదీర్ కేసు పెట్టాడు. కేసు నిలబడితే దేశం నుంచి పంపేస్తారు, మళ్లీ రానివ్వరు. గురువారం లేబర్ ఆఫీసులో విచారణ.

బుధవారం పోచన్న ఫోన్ చేశాడు. "అక్కా, బట్టలు సదురుకోవాల్నా?"

"ముదీర్ ఏమని రాసిండ్రా?"

"వేలు వంకరని ఆనవాలు రాసిండు."

"ఎట్లైందో రాసిండా?"

"ఆయనెందుకు రాస్తడు, పిచ్చిదానా?"

ఆ సాయంత్రం అద్దం తుడుస్తూ, పక్కింటివాళ్లకు చెప్పినట్టు, రేణుక ఈ సంగతంతా బొమ్మ మనిషికి చెప్పింది. గురువారం పొద్దున పేజీలో అతను లేడు. సిరా అడుగులు అంచుదాకా వచ్చి ఆగిపోయాయి. ప్రసాద్ సార్ ఆ రోజు పిల్లల చేత ఖాళీ జాగా గురించి రాయించాడు. సోమవారానికి మనిషి తన చోట ఉన్నాడు. మూట మాత్రం రెండో భుజానికి మారింది.

విచారణలో ఏం జరిగిందో మరో నాలుగు రోజులకు, పోచన్న కలిసినప్పుడు తెలిసింది. కేసు కాగితంలో పోచన్న ఫోటో ఉండాల్సిన చోట, మూటతో పరుగెడుతున్న నల్లటి బొమ్మ ఉందట. "నీ మనిషి ఇతనేనా?" అని ఆఫీసరు అడిగితే, ముదీర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అవునని చెప్పలేకపోయాడు. ఆఫీసరు కేసు కొట్టేశాడు. తర్వాత పోచన్న చేతివైపు చూసి, వేలు ఎట్లా వంకరైందని అడిగాడు.