కుడి సీటు ఇసుక

నాకు పనిలో ఒక రోగం ఉంది. పావు అంగుళం తేడా కనబడితే తిండి సహించదు. ఆ రోగమే మా అక్కని కొండ ఎక్కనివ్వలేదు. ఎవరెంత ఓదార్చినా నా లెక్క మారదు.

అక్క పేరు డార్లా. ఆవిడ భర్త వెర్న్, నేను కలిసి లూసర్న్ వ్యాలీ అనే ఎడారి ఊళ్లో బండరాళ్ల మీద ఎక్కే బండ్లు కడతాం. వెల్డింగ్ బావది, కొలతలు నావి. అక్క క్యాన్సర్ వెన్నెముకలోకి పాకిందని నవంబరులో డాక్టరు చెప్పింది. ఇంటికొచ్చాక అక్క అడిగింది ఒక్కటే: మా నాన్న తవ్విన గని దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లమని. ఆ కొండదారిని వరద ఎప్పుడో మింగేసింది, మిగిలినవి రాళ్లే. అక్క అంత దూరం నడవలేదు. మా పాత జీపుకి ముందువైపు స్ప్రింగుల బదులు గట్టి ఇనప పట్టీల కమాన్ కట్టలు. దారిలో ఉన్న ప్రతి రాయి సంగతీ నడుముకి చెప్పే రకం.

"పీకేద్దాం," అన్నాడు బావ. "లింకులు పెడదాం. పొడుగువి. స్ప్రింగులు మెత్తగా ఉండాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లినట్టుండాలి దాన్ని."

లింకులంటే ఇరుసుని బండికి కలిపే కడ్డీలు. ముందు ఇరుసుకి కింద రెండు లింకులు, పైన ఒకటి. ఇరుసు పక్కకి జరగకుండా అడ్డంగా ఒక రాడ్డు. స్ప్రింగులు సరిచేసేటప్పుడు సీట్లలో మనుషుల బరువుండాలి. రోజంతా ఎవరు కూర్చుంటారు? అందుకని ఇసుక బస్తాలు పెడతాం. అక్క బస్తా అక్కే నింపుకుంది.

"నూట నలభై పౌన్లు," అంది.

"నూట అరవై అనుకున్నానే!"

"నోర్ముయ్ రా. నీ కొలతలు ఇనుము మీద చూపించు, నా మీద కాదు."

ఎడమ సీట్లో బావ బరువు బస్తా, కుడి సీట్లో అక్కది ఎక్కించాక బండి అటూ ఇటూ ఒకే ఎత్తులో నిలబడింది. ఆ రోజు ముగ్గురం కడుపుబ్బ నవ్వాం.

జనవరికి అక్క చిక్కి సగమైంది. ఓ ఉదయం ఖాళీ కాఫీ డబ్బా పట్టుకుని గరాజుకొచ్చి, తన బస్తా మూతి విప్పి ఇసుక తోడింది.

"తొమ్మిది పౌన్లు తగ్గాను. దొంగ లెక్కలతో బండి కట్టకండి."

తగ్గిన బరువుకి సరిపడేలా స్ప్రింగు తిప్పడానికి పానా అందుకున్నాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "దాన్ని ముట్టుకోకు. మీ అక్క మళ్లీ ఒళ్లు చేస్తుంది, చూస్తుండు." డబ్బా మీద తేదీ రాసి గూట్లో పెట్టాడు. నెల తిరిగేసరికి గూట్లో డబ్బాలు ఐదయ్యాయి. బండి కుడిపక్క పావు అంగుళం లేచింది. మామూలు కంటికి కనబడదు.

ఫిబ్రవరి మొదట్లో బండి కదిలింది. పెరటి వెనక గుట్ట మీద నడిపి చూశాను. గతుకు పడినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే కొంచెం తిరుగుతోంది. తప్పు నాదే. ఆ అడ్డ రాడ్డూ, స్టీరింగ్ రాడ్డూ ఒకే వాలులో ఉండాలి. ఇంజను కింద ఆయిల్ గిన్నెకి తగులుతుందని నేనే అడ్డ రాడ్డుని రెండంగుళాలు దించాను.

"ఏం ఫర్వాలేదు, వెళ్లిపోదాం," అన్నాడు బావ. "నత్తనడకే కదా. గట్టిగా పట్టుకుంటాను."

"కుదరదు. కోసేసి మళ్లీ పెడదాం. అందులో కూర్చునేది అక్క."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"పది రోజులు."

అక్క గుమ్మం దగ్గర మడత కుర్చీలో కూర్చుని వింటోంది. "వాడి మాట విను వెర్న్, లేకపోతే దారంతా సణుగుతాడు," అని నా వైపు తిరిగింది. "పదంటే పదే రా రూడీ. పదకొండోది నా దగ్గర లేదు."

నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

రాడ్డు పైకి జరపాలంటే ఆయిల్ గిన్నె కోయాలి. గిన్నె కోస్తే అది కారింది. పన్నెండో రోజుకి అక్క మంచం మీంచి లేవలేకపోయింది. కోత మిషను చప్పుడు తనకి ఇబ్బందేమోనని ఆపబోతే లోపలికి పిలిపించింది.

"ఆపకు. అది వినబడుతుంటే వెళ్తున్నాంలే అనిపిస్తుంది."

పదిహేడో రోజు అక్క పోయింది. బండి పందొమ్మిదో రోజుకి పూర్తయింది.

సమాధి చేసిన మర్నాడు గరాజుకెళ్లాను. ఇరుగుపొరుగు వండి తెచ్చిన గిన్నెలు ఇంట్లో బల్ల మీద మూత తియ్యకుండానే ఉన్నాయి. కుడిపక్క ఆ పావు అంగుళమే కళ్లలో పడింది. ఏం చెయ్యాలో తోచక పానా తీశాను.

"ముట్టుకోవద్దని చెప్పానా?" అన్నాడు బావ వెనకనుంచి.

గూట్లోంచి డబ్బాలు ఒక్కొక్కటే దించాడు. మూతలు తీసి ఐదింటి ఇసుకా బస్తాలో పోశాడు. డబ్బా అడుగున అంటుకున్నది కూడా వేలితో గీకి వేశాడు. బస్తాని కుడి సీటులో నిలబెట్టి బెల్టు పెట్టాడు. బండి సమంగా కూర్చుంది. బావ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆ పొద్దున్నే బయల్దేరాం. రాళ్ల మీద చక్రం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ బండికి ముందు నేను వెనక్కి నడిచాను. దారంతా నా కళ్లెదురుగా అక్క సీటే. స్టీరింగ్ ఒక్కసారి కూడా దానంతటది తిరగలేదు. బావ రెండు వేళ్లతో నడిపాడు.

గని దగ్గర ఇంజను ఆపి అన్నాడు, "నువ్వన్నది నిజమే రా. తిన్నగా వస్తోంది."

అందులో ఎత్తిపొడుపు లేదు. లాగి చెంప మీద కొట్టినా బాగుండేది.

బస్తాని చెరో పక్కా పట్టి గని పక్కనే ఉన్న నాన్న పాత గుడిసె గుమ్మంలో, కింద లోయంతా కనిపించేలా కూర్చోబెట్టాం. తిరిగొచ్చాక, అలవాటు కొద్దీ కొలిచాను. ఎడమ సీటులో బావ ఇంకా దిగకుండా కూర్చునే ఉన్నాడు. కుడిపక్క ముప్పావు అంగుళం లేచింది.

అప్పటికే పానా నా చేతిలోకి వచ్చేసింది. దాన్ని గోడకి తగిలించేశాను. బండి ఈ రోజుకీ అలాగే ఉంది.