సంపూర్ణ స్వస్థత

అయినా సంపూర్ణంగా అనే ఎందుకు చెప్పాలి, కొంచెం స్వస్థత అంటే దేవుడికి చిన్నతనమా, అనుకుంటూ సవరమ్మ చర్చిలో తొడలు బిగించుకుని కూర్చుంది. పాట పై స్థాయికి ఎక్కినప్పుడల్లా ఆడవాళ్ల వరసలో సగంమంది కాలిమీద కాలు వేసుకుంటున్నారు. ఇన్నేళ్లూ దాన్ని భక్తి అనుకుంది. ఇప్పుడు తనకూ అదే అవస్థ వచ్చాక అసలు సంగతి తెలిసి ఒళ్లు మండింది. దొంగలు. తనూ తక్కువది కాదు. గర్భసంచి జారి చేతికి తగులుతున్నా, రెండు సీజన్లు చిన్నరసం మామిడికాయల గంపలు మోసింది, పెదవి విప్పకుండా.

మూడు నెలల కిందట విజయవాడలో ఆపరేషన్ చేసి జారినదాన్ని పైకి కట్టి కుట్టారు. అది బాగానే ఉంది. కానీ అప్పట్నుంచి దగ్గినా తుమ్మినా చీర తడుస్తోంది.

"ఇన్నాళ్లూ ఆ జారుడే మూత్రం గొట్టాన్ని మడిచి ఆపిందమ్మా," అంది డాక్టరమ్మ. "రివ్యూకి రండి, దారుంది."

రివ్యూ రేపే.

భర్త సలోమోను మాత్రం పొద్దున్నే తేల్చేశాడు. "దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పాక మళ్లీ ఆసుపత్రేంటే? దేవుడు సగం పనిచేసి వదిలేశాడనుకోరూ?"

సంఘపెద్ద కదా! పెళ్లాం పొత్తికడుపు కూడా ఆయన హోదాలో భాగమే. తోటలో ఏ చెట్టు దొరికితే ఆ చెట్టు పక్కన నిలబడిపోయే మనిషికి ఆపుకోవడమంటే ఏం తెలుసు?

"నీ వంతే వదినా," పక్కనున్న అమృతమ్మ మోచేత్తో పొడిచింది. "కాస్త ఏడుస్తా చెప్పు, బాగుంటది."

"ముందు నువ్వు గట్టిగా దగ్గు, చూద్దాం."

అమృతమ్మ గబుక్కున పాటల పుస్తకంలోకి తల దించుకుంది.

"సంపూర్ణ స్వస్థత పొందిన మన సహోదరి," అని పిలిచారు పాస్టరుగారు. ముందు వరసలోంచి సలోమోను వెనక్కి తిరిగి, కానియ్యమన్నట్టు గడ్డం ఎగరేశాడు. లేచి నిలబడటంలోనే లోపల వెచ్చగా తడి తగిలింది. అలవాటుగా సిగ్గు వచ్చింది. సిగ్గు వెనకాలే, ఎప్పుడూ లేనిది, నవ్వు కూడా వచ్చింది. ఇన్ని పట్టుచీరలు, ఇన్ని స్తోత్రాలు, ఒక్కతికీ నోరు లేదు.

ముందుకెళ్లి మైకు అందుకుంది.

"జారింది సరిచేశారండి. ఒంటేలు మాత్రం ఆగట్లేదు. రేపు డాక్టరు దగ్గరికెళ్తున్నాను, ప్రార్థన చెయ్యండి."



"ఏమే, కూర్చో," పళ్ల మధ్య నుంచి అన్నాడు సలోమోను.

సవరమ్మ మైకు ఆయన ఒళ్లో పెట్టి, కుర్చీల మధ్య నుంచి తొందరపడకుండా బాత్రూం వైపు నడిచింది.