బావమరిది రక్తం

క్రేను నడిపే అతనికి బావమరిదంటే ఒళ్లుమంట. బావమరిది దర్జీ. మనిషి పుల్లలా ఉంటాడు. ఇంటికొచ్చినప్పుడల్లా మెడలోని టేపు తీసి బావ నడుముకి చుట్టి, "అక్కా, పీపా ఇంకో అంగుళం పెరిగింది!" అని వీధంతా వినబడేలా చాటేవాడు. పీక పిసకాలనిపించేది. కానీ పెళ్లానికి ఒక్కగానొక్క తమ్ముడు, ఏం చేస్తాడు!

అలాంటివాడి కాళ్లే పట్టుకోవాల్సి వచ్చింది. ఏటేటా చేసే పరీక్షలో కంపెనీ డాక్టరు పెదవి విరిచాడు.

"ఇది ఇంకా బీపీ కాదు. గుమ్మంలో నిలబడి తలుపు కొడుతోంది. దానికి తోడు ఈ పొట్ట. రక్తంలో కొవ్వు, చక్కెర, ఒంట్లో వాపుని చెప్పే గుర్తులు చూడాలి. అవీ చెడితే గుండెకి ముప్పే. నువ్వు పైనుండగా గుండె ఆగితే కిందివాళ్ల గతేంటి? క్రేను దిగాల్సిందే."

దిగితే గోదాములో పెట్టెలు సర్దాలి. ఇన్నేళ్లూ అందరి నెత్తినీ పైనుంచి చూసినవాడికి అది చావుతో సమానం.

రక్తపరీక్షకి చీటీ రాసి బయటి ల్యాబుకి పంపాడు డాక్టరు. అక్కడ ముఖం ఎవరూ చూడరు, చీటీ మీద పేరు చూస్తారు. సన్నగా ఉన్నవాడి రక్తం శుభ్రంగా ఉంటుందని బావకీ నమ్మకమే, బావమరిదికీ నమ్మకమే. దర్జీ తెగ బతిమాలించుకుని, అక్క చేత కూడా అడిగించుకుని, బావ చీటీతో వెళ్లి చెయ్యి చాపి వచ్చాడు.

సోమవారం రిపోర్టు చూసి డాక్టరు కళ్లద్దాలు తీసేశాడు. "చెడ్డ కొవ్వు ఇంతా? వాపు గుర్తులూ ఎక్కువే. ఇవాళ్టి నుంచే మందులు. ఉప్పు, నూనె తగ్గించకపోతే ఎప్పుడేం జరుగుతుందో నేను చెప్పలేను."

అప్పటికప్పుడే క్రేను తాళం లాగేసుకున్నారు. ఆ రక్తం నాది కాదంటే మోసం బయటపడి ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది అతని పని. మందుల చీటీ చించి పారేశాడు. ఇంట్లో చెప్పలేదు. బావమరిదికి అసలే చెప్పలేదు. చావనీ వెధవని, అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

ఆదివారం దర్జీ భోజనానికి వచ్చాడు.

"నా రక్తం పుణ్యమా అని పైన కూర్చున్నావు, పీపా. ఆ వేపుడు ఇటు తోయి. నాకేం, ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

బావ గిన్నె ఎత్తి అతని కంచంలో బోర్లించాడు. పైన ఉప్పు కూడా చల్లాడు.

"సూర్యుడు పడమట పొడిచాడా? మా తమ్ముడికి మీరు వడ్డించడమా!" అని ఆవిడ మురిసిపోయింది.

"భయం అక్కా, భయం! తేడా వస్తే కంపెనీకి చెప్పి దింపించనూ?"

దాంతో బావకి తిక్క రేగింది. "ఇంకేం దింపిస్తావురా? సోమవారమే దింపేశారు. నీ కుళ్లు రక్తమే దింపింది! నీ గుండె ఎప్పుడు ఆగుతుందో తెలీదన్నాడు డాక్టరు."

దర్జీ పకపకా నవ్వాడు. "నాకా? ఈ ఒంటికా?" నవ్వుతూనే ఇంకో ముద్ద ఎత్తాడు.

ఆవిడ నవ్వలేదు. తమ్ముడి చేతిలో ముద్ద తోసేసి కంచం లాగేసుకుంది. వేపుడు నేలంతా చెల్లాచెదురైంది. మొగుడి వైపు తిరిగింది.

"సోమవారమే తెలుసా మీకు?"

అతను వంగి నేల మీది వేపుడు ఏరసాగాడు.

"అంటే, తెలిసే వడ్డించారన్నమాట."