కప్పతల్లిని దింపిన చోటు

గొడవ రోకలి దగ్గర మొదలైంది. పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా గౌరి దాన్ని అడ్డంగా ఆనించి పెట్టింది.

"రోకలిని కాపలా పెట్టీసినావేటే? మీ కన్నోరింట్లో ఇలాగే సేస్తారా?" అంది అత్తగారు కూర్మమ్మ.

"మిక్సీ వచ్చినకాడ్నుంచి దాన్ని ముట్టినోలెవులత్తా? ఏదో ఒక పని సేస్తన్నాది కదా."

"ఈయేల దానికి దాని పనున్నాది. ఇలాగియ్యి."

శ్రావణం సగమైనా చినుకు లేదు. నారుమళ్లు ఎర్రబడ్డాయి. వాన ముఖం చాటేసిన ఏడల్లా ఆ ఊళ్లో కప్పతల్లిని మోసేది కూర్మమ్మే. కప్పను తడిగుడ్డలో పెట్టి, వేపమండలతో రోకలికి కట్టి, ఇద్దరు ఆడవాళ్లు భుజాన వేసుకుని తిరుగుతారు. ఇంటింటా దాని మీద నీళ్లు పోస్తారు. చివర దాన్ని తీసుకెళ్లి బీలలో వదలాలి.

బీల అంటే ఊరి దిగువన వేసవిలోనూ తడి ఆరని పల్లం. అందులో కూర్మమ్మకో మడి ఉంది. చుట్టుపక్కల వాళ్లంతా తమ మళ్లను రొయ్యల చెరువులకిచ్చేసినా ఆమె ఇవ్వలేదు. తొలివానకు ఒళ్లంతా పసుపు రాసుకున్నట్టు తేలే గోదురుకప్పలకు ఆ మడే మిగిలింది. మనమూ ఇచ్చేద్దామని కొడుకు శివాజీ ఎప్పుడు అడిగినా, "అవెక్కడికి పోతాయిరా?" అనేది.

ఆ రోజు మడంతా వెతికినా ఒక్కటీ కనబడలేదు. ఎండకు నేలలోకి దిగిపోయి ఉంటాయంది కూర్మమ్మ. ఆఖరికి బడి బోరింగు గుంటలో గౌరికి ఒకటి దొరికింది.

ఊరంతా తిరిగి, సాయంత్రం దాన్ని మడి మూల గుంటలో దింపారు. ఎక్కడా లేని నీళ్లు అక్కడ మాత్రం నిలిచి ఉన్నాయి. కప్ప వెంటనే గట్టెక్కింది.

"తోవ తప్పిపోనావా తల్లీ," అంటూ కూర్మమ్మ రెండు చేతులతో మళ్లీ దింపింది. అది మళ్లీ ఎక్కింది. ఆమె మళ్లీ దింపింది. పొద్దు వాలేదాకా అదే పని. చివరికది ఎక్కలేదు. కాళ్లు బారజాపి తేలింది.

గౌరి వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేసింది.

"ఉప్పత్తా. పక్క రొయ్యల సెరువులోంచి ఊరినాది."

కూర్మమ్మ కూడా దోసిట్లోకి తీసుకుని రుచి చూసింది. ఆమె ఉమ్మలేదు.

ఇంటికొచ్చి రోకలి కడిగి, తనే తీసుకెళ్లి పెరటి తలుపుకు ఆనించింది. రాత్రి గౌరి వడ్డించిన అన్నం కలుపుతూ, తలెత్తకుండా అంది:

"మడి సెరువోలకిచ్చీరా, శివాజీ. ఇంక దాన్లో నాను దింపడానికేటీ నేదు."