రిబ్బను దక్కని పని

ఆ కాలనీలో కుళాయికి గుడ్డ కట్టని ఇల్లు లేదు. పాత చొక్కా చేతిని కత్తిరించి కుళాయి మూతికి బిగిస్తారు. నీళ్లు వచ్చిన కాసేపటికే ఆ గుడ్డ తుప్పు రంగుకు తిరుగుతుంది. దాన్ని పిండి, ఆరేసి, మర్నాడు మళ్లీ కడతారు. ఇది వింతని గానీ, అన్యాయమని గానీ అక్కడ ఎవరికీ తోచదు. అలవాటు పడితే మనిషి దేన్నయినా సంసారంలో కలిపేసుకుంటాడు. పాఠకులారా, ఆ సుగుణమే మన కొంప ముంచుతోంది.

అలాంటి ఒక ఇంట్లో కోడలు పురపాలక నీటి విభాగంలో అకౌంట్సు అధికారి. ఆ కుర్చీలోకి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అత్తగారు కాలనీ మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఆవిడకు ఇంట్లో ఉన్న ముద్దుపేరు ప్రతిపక్షం. ఈ ఇద్దరు నాయకుల మధ్య కోడలి భర్త మంచి ఓటరులా ఎవరేమన్నా తల ఊపుతూ కాలం గడిపేస్తున్నాడు.

"సాయంత్రం కౌన్సిల్ మీటింగుకి మేమంతా వస్తున్నామమ్మాయ్," అంది అత్తగారు గుడ్డ పిండుతూ. "నీళ్ల చార్జీ పెంచుతారని పుకారు. పెంచితే ఊరుకునేది లేదు. ముందే చెబుతున్నా."

"పెంచమని రాసింది నేనే అత్తయ్యా."

అత్తగారు పిండటం ఆపేసింది. "ఏమిటీ? ఈ బురదకి ఇంకా ఎక్కువ కట్టాలా? మతిగానీ పోయిందా నీకు?"

"బురద ఎందుకొస్తోందో వచ్చి వినండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు తిట్టండి."

"తిడతాను. కోడలివని వదలను."

"వదలొద్దు," అంది కోడలు, చెప్పులేసుకుంటూ.

ఆ కాలనీ కిందుగా పోయే పెద్ద గొట్టానికి ఫిట్టర్లు పెట్టుకున్న పేరు కట్లపాము. చిల్లు పడినచోటల్లా రబ్బరు చుట్టి ఇనప పట్టీ బిగించడంతో దాని ఒంటి నిండా కట్లే. అతుకు వేయడానికి కమిషనర్ ఒక్కడి అనుమతి చాలు, మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. గొట్టం మార్చాలంటే మాత్రం కౌన్సిల్ ఓటు వేయాలి. అందుకని అతుకు పక్కన అతుకు పడుతూ వచ్చింది. ఆ అతుకులకు తగలేసిన డబ్బుతో గొట్టాన్ని ఎప్పుడో మార్చి ఉండవచ్చు. కానీ అతుకుల ఖర్చు ఒక పద్దు, గొట్టాల ఖర్చు ఇంకో పద్దు కావడంతో రెండూ కలిపి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

పోనీ గొట్టాలకు డబ్బే లేదా అంటే, ఉంది. జనం కట్టే చార్జీలో కొంత భాగం గొట్టాల మార్పిడికని పక్కన పెట్టాలని నియమం. పెడుతూనే ఉన్నారు. ఏడాది చివరికల్లా దాన్ని తాత్కాలికమంటూ వేరే పనికి మళ్లిస్తున్నారు. ఒక ఏడు స్వాగత ద్వారం లేచింది, ఇంకో ఏడు గడియార స్తంభం లేచింది. వాటికైతే రిబ్బను కట్టి, కత్తెర పట్టుకుని ఫొటో దిగవచ్చు. మట్టి కింద పడుండే గొట్టానికి ఆ భాగ్యం ఎక్కడిది? ఈ ఏటి వంతు పాటలకు తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్‌ది. తాగే నీళ్లకు దిక్కులేని ఊళ్లో ఆడే నీళ్లన్నమాట!

ఆ మళ్లింపు చెల్లాలంటే అకౌంట్సు అధికారి సంతకం ఉండాలి. మధ్యాహ్నం కమిషనర్ ఆమెను తన గదికి పిలిచాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. చైర్మన్ దగ్గితే ఈయన గొంతు సవరించుకుంటాడు, అంతే.

"మీ సంతకం ఒక్కటే మిగిలింది మేడమ్."

"ఎందుకు మిగిలిందో మీకు తెలుసు సార్."

"ఇన్నేళ్లూ అందరూ పెట్టిందే కదా. మీరొక్కరే ఇలా..." ఆయన కాసేపు నీళ్లు నమిలాడు. "చైర్మన్ గారు బదిలీ మాట ఎత్తారు. మీ పాప చదువు మధ్యలో ఉంది. ఆలోచించుకోండి."

ఆమెకు భయం వేయకపోలేదు. కూతురు కష్టపడి సీటు తెచ్చుకున్న బడి, భర్త ఉద్యోగం, అలవాటైన ఇల్లు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కానీ పక్క వీధిలో పిల్లలు వాంతులూ విరేచనాలతో మంచం పట్టి ఉన్నారు. అక్కడ మురుగు కాలువ పక్కనే కట్లపాముకు మళ్లీ చిల్లు పడిందని ఈ గదిలో ఇద్దరికీ తెలుసు. అది గుర్తొచ్చి ఆమెకు ఒళ్లు మండింది.

"పాప ఎక్కడున్నా చదువుకుంటుంది సార్. ఈ నీళ్లు తాగి మంచాన పడితే ఎక్కడా చదవలేదు. నేను సంతకం పెట్టను."

సాయంత్రం కౌన్సిల్ హాలు కిక్కిరిసిపోయింది. ప్రజల బెంచీల్లో ముందు వరుస మొత్తం అత్తగారి సేనే. చైర్మన్ లేచి, ఈ ఏడు కూడా నీటి చార్జీ పైసా పెంచడం లేదని ప్రకటించగానే చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది అత్తగారే. ఆ ఊపులోనే ఆయన ఫౌంటెన్ ప్రస్తావన తెచ్చి, "అకౌంట్సు వారి సంతకం లాంఛనమే అనుకోండి," అన్నాడు నవ్వుతూ.

కోడలు లేచి నిలబడింది. "సంతకం పెట్టడం లేదు సార్. అది గొట్టాలు మార్చమని జనం కట్టిన డబ్బు. అదీ చాలదు. చార్జీ పెంచక తప్పదు."

హాలంతా గోలెత్తిపోయింది. కూర్చోమని కొందరు కేకలేశారు. నీకు జీతమిచ్చేది మేమేనని ఎవరో గుర్తుచేశారు. చైర్మన్ చేతులు చాపి, "చూశారుగా ప్రజాభిప్రాయం," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. బెంచీల వైపు తిరిగింది. "మీరు నీళ్లకి కట్టేది మా చార్జీ ఒక్కటేనా? ట్యాంకర్ అతనికి కట్టేది ఎవరు? డబ్బా నీళ్లకి కట్టేది ఎవరు? పిల్లలకి జబ్బు చేస్తే మందుల షాపులో కట్టేది ఎవరు? వాళ్లు రేట్లు పెంచిన రోజున మీలో ఒక్కరైనా వెళ్లి నిలదీశారా? ఇక్కడ పెంచలేదని మీరు చప్పట్లు కొట్టిన డబ్బు ఇంకో ముగ్గురికి పోస్తున్నారు."

కేకలు తగ్గాయి. ముందు వరుసలోంచి అత్తగారు లేచింది. కోడలి పని అయిపోయిందనుకున్నారు చూసేవాళ్లు. కోడలూ అదే అనుకుంది.

"ఉండమ్మాయ్. గొట్టాలకని మేం ఇదివరకే కడుతున్నామా?"

"ఏటా కడుతున్నారత్తయ్యా."

"మరి అదేమైంది?"

"స్వాగత ద్వారం అయింది. గడియార స్తంభం అయింది."

"ఆ గడియారం నడిస్తేగా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

అత్తగారు చైర్మన్ వైపు తిరిగింది. "ఏం నాయనా చైర్మనూ! పెంచొద్దని అరిచింది మేమే. నువ్వు పెంచలేదంటే చప్పట్లు కొట్టిందీ మేమే. కాదనను. అంతమాత్రాన గొట్టం డబ్బు తెచ్చి గడియారానికి పెట్టమని ఎవరు చెప్పారు నీకు? చార్జీ ఎంతని అడిగాం గానీ, కట్టింది ఏం చేశావని ఒక్కనాడూ అడగలేదు. మా బుద్ధితక్కువ అది. ఇవాళ్టితో సరి! పెంచు. కట్టుకోలేని ఇళ్ల జోలికి రాకుండా, తోటలు తడుపుకునే బంగళాల దగ్గర గట్టిగా వసూలు చెయ్యి. ఆ డబ్బు వేరే ఖాతాలో పెట్టు. గొట్టానికి తప్ప ఇంకో పనికి అందులోంచి చిల్లిగవ్వ తియ్యడానికి వీల్లేదు."

"కోడలిని వెనకేసుకొస్తున్నారా పెద్దమ్మగారూ?"

"దీనితో నాకు ఇంట్లో రోజూ యుద్ధమే. కూరలో ఉప్పు దగ్గర కూడా మాకు పడదు. ఇక్కడ అది చెప్పింది నిజం."

కోడలికి కళ్లు చెమర్చాయి. చైర్మన్ సభను వాయిదా వేశానన్నాడు. బెంచీల మీద ఒక్కరూ కదల్లేదు. ఓటు వేస్తే గానీ ఇంటికి వెళ్లేది లేదని అత్తగారు చీర కొంగు దోపుకుని నిలబడింది. సభ్యులు కాసేపు చైర్మన్ ముఖమూ, కాసేపు బెంచీల ముఖమూ చూశారు. చివరికి ఒక చెయ్యి లేచింది, దాన్ని చూసి ఇంకొకటి లేచింది. వాళ్లకు ఉన్నట్టుండి ధైర్యం వచ్చిందని కాదు, ఇన్నాళ్లూ చైర్మన్‌కు భయపడ్డవాళ్లు ఆ పూట జనానికి భయపడ్డారు. ఫౌంటెన్ పోయింది, చార్జీ పెరిగింది, గొట్టానికి వేరే ఖాతా వచ్చింది.

టెండర్లు పూర్తయి కాలనీలో కందకం తవ్వడం మొదలైన వారంలోనే ఆమెకు బదిలీ ఉత్తర్వు అందింది. ఆమె ఇంట్లో సామాను కడుతుండగా, పని చూడటానికి వచ్చిన కమిషనర్ గుమ్మం దగ్గర ఆగాడు. అత్తగారు కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"నా చేతుల్లో ఏమీ లేదమ్మా," అన్నాడు తల దించుకుని. "కొత్తగా వచ్చే ఆయన కొంచెం సర్దుకుపోయే మనిషి. ఆ ఖాతా ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను."

లోపల తాడు బిగిస్తున్న కోడలి చేతులు ఆగిపోయాయి. బయట అత్తగారి గొంతు, ఏ కౌన్సిల్ హాలుకైనా సరిపోయే గొంతు, స్పష్టంగా వినిపించింది.

"రానివ్వండి బాబూ. ప్రతి మీటింగుకీ మేం వస్తాం, ఆ ఖాతాలో ఎంతుందో ఆయన చేతే చెప్పిస్తాం. అధికారినైతే బదిలీ చేశారు. లెక్క అడగడం నేర్చుకున్న ఊరిని ఎక్కడికి బదిలీ చేస్తారు?"