ఆయన రిపోర్టు

“ప్రత్యూష గారాండీ? మీ వారి రిపోర్టు వచ్చిందండీ. తలసీమియా జన్యువు ఆయనలో లేదు,” అంది ల్యాబ్ నుంచి హెప్సిబా.

బచ్చలికూర తుంచుతున్నాను. ఫోను పెట్టేసి ఆ ఆకుల్ని గుప్పిళ్లతో పైకి ఎగరేశాను. తర్వాత ఒక్కొక్కటే ఏరుకున్నాను. చూసి నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లయి నలభై మూడు రోజులు. భవానీపురంలోని ఈ రెండు గదుల్లో పగలంతా నేనూ, నా కొత్త కుక్కరూ.

తేజేశ్వర్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. ఆటోనగర్ షెడ్డులో ఆ మోతకి వినపడి ఉండదు.

అమ్మకి చెప్పాలి. కానీ ఎలా?

అమ్మమ్మ మా అమ్మని తన సొంత తమ్ముడికే ఇచ్చి చేసింది. ‘పిల్ల కళ్లముందే ఉంటుంది’ అని మురిసిపోయిందట. అమ్మలో, నాన్నలో ఒకే లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంది. ఒక్కటే ఉంటే మనిషికి తెలియనే తెలియదు. అన్నయ్యకి ఇద్దరి నుంచీ వచ్చింది. నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ పదకొండేళ్లు బతికాడు. నాకు ఒకటే వచ్చింది.

అందుకే అమ్మ అనుకున్న మేనరికం కాదని, హరిబాబు బావని చేసుకోనన్నాను. “అంటే తప్పు మాదేనా?” అంది అమ్మ. నాన్న పోయాక ఒంటరిగా ఉంటున్న అమ్మ నా పెళ్లికి వచ్చి, అక్షింతలు వేసి, మెతుకు ముట్టకుండా వెళ్లిపోయింది.

అయినా ఫోను చేశాను.

“ఏం కూర?” అంది.

“బచ్చలి.”

“ఇంకా?”

“ఇంకేం లేదమ్మా.”

పెట్టేశాక, తుంచిన ఆకుల్ని వండబుద్ధికాక పక్కన పెట్టేశాను.

సాయంత్రం తేజేశ్వర్ చెప్పులు విప్పకముందే చెప్పేశాను. “మీలో లేదండీ! పిల్లలకి నాది వచ్చినా, మీది మంచిదే వస్తుంది. ఆ జబ్బు రాదు!”

“నా చెవులు రావచ్చుగా?”

“ఆ చేటలా? అమ్మో!”

పడీపడీ నవ్వాడు. “అత్తయ్యగారికి చెప్పావా?”

నవ్వు ఆగిపోయింది. “నా సంతోషం ఆవిడకి దెప్పినట్టుంటుందండీ.”

“ఆ జన్యువుని ఆవిడేమైనా ఏరి ఇచ్చిందా? ఆవిడకీ తెలియకుండానే వచ్చింది కదా. ఆ మాట ముందు చెప్పు, రిపోర్టు తర్వాత. ఫోన్లో మాత్రం వద్దు.”

“మరి?”

“రేపు సెలవు పెడతా. పొద్దున్నే బండి మీద ఉయ్యూరు, అత్తయ్యగారింటికి వెళ్దాం.”

“మళ్లీ మనతో తిననంటే?”

“తినేదాకా కూర్చుందాం.”

బచ్చలి పప్పు రేపు తెల్లవారుజామునే వండుతాను. క్యారియర్‌లో ముగ్గురికీ సరిపడా పెడతాను.