రెండో కేబుల్

మా తోడల్లుడంటే నాకు పడదు. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు. చదివింది కామర్సు, చేసేది టైల్స్ షోరూములో ఉద్యోగం, ఇంట్లో పేరు మాత్రం ఇంజనీరు. పాతికేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్న నన్ను పక్కనపెట్టి, నాలుగు వీడియోలు చూసి పెళ్ళానికి కంప్యూటర్ బిగించి ఇచ్చాడు. అది మొరాయించాక నేను గుర్తొచ్చాను.

నేను వెళ్ళేసరికి పదకొండయింది. మా ఆవిడ చెల్లెలు కుర్చీ అంచున కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. కట్టబోయే ఆసుపత్రి లోపల నడిచి చూసినట్టుండే వీడియో ఒకటి చేసి, నాలుగింటికల్లా బిల్డరు ఆఫీసుకు పంపాలి. పంపితే ఉద్యోగం ఖాయం. పంపకపోతే, పోటీలో ఉన్న ఇంకో అమ్మాయికి పోతుంది. వీడియో తయారవడం మొదలైన రెండు నిమిషాలకల్లా కంప్యూటర్ టక్కున ఆగిపోతోంది.

నేను సంచీ కింద పెట్టకముందే ఇంజనీరు తీర్పు చెప్పేశాడు. నేను కొనమన్న గ్రాఫిక్స్ కార్డు పోయిందట. ఒళ్ళు మండింది. నోరు మూసుకుని పక్కకు జరగమన్నాను.

ముందు కార్డు తీసుకునే కరెంటును సెట్టింగుల్లో డెబ్బై శాతానికి తగ్గించి నడిపించాను. పది నిమిషాలైనా ఆగలేదు. మళ్ళీ పూర్తిగా పెంచాను. రెండు నిమిషాలకే ఆగిపోయింది. కార్డు లక్షణంగా ఉందనీ, దానికి కరెంటే చాలడం లేదనీ తేలిపోయింది. పక్క మూత విప్పి చూస్తే దొంగ దొరికాడు. కార్డుకు కరెంటు సాకెట్లు రెండు. ఆ రెంటికీ కలిపి, కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా నుంచి రెండు తలలున్న ఒకే కేబుల్ తగిలించాడు మహానుభావుడు. ఒక తల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. ఇక స్విచ్చి వెయ్యొద్దని చెప్పాను.

ఇంజనీరు బజారుకెళ్ళి ఇంకో కేబుల్ తెస్తానని బయలుదేరబోయాడు. నేను ఊరుకోలేదు.

"బజారు కేబుల్ పెడితే కార్డు కాలిపోతుంది. మూతి ఒకేలా ఉంటుంది, లోపల తీగల వరస వేరు. ఏ పవర్ సప్లైకి దానితో వచ్చిన కేబులే పెట్టాలి. ఈపాటి తెలియనివాడివి ఎందుకు వేలు పెట్టావు?"

అతని మొహం ఎర్రబడింది. నాకు కడుపు నిండినట్టయింది.

"దీంతో ఒక్కటే వచ్చిందన్నయ్యా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పవర్ సప్లై నాది. నాలుగు నెలల క్రితం నాతో ఒక్క ముక్క కూడా అనకుండా మా ఆవిడ చేత అడిగించి పట్టుకెళ్ళాడు. బిగించి ఉన్న కేబుళ్ళతోనే ఇచ్చి పంపి, మిగిలినవి నా సొరుగులో పడేశాను. వచ్చి నోరు తెరిచి అడిగితే ఇద్దామనుకున్నాను. అతను అడగలేదు, నేను ఇవ్వలేదు.

తెలిసినచోట చూసొస్తానని లేచాను. అప్పటికి పన్నెండుంబావు. వీడియోకు మూడు గంటలు పడుతుందనీ, ఒంటిగంటలోపు మొదలుపెట్టాలనీ మరదలు గుమ్మందాకా వచ్చి చెప్పింది. మా ఇల్లు పది నిమిషాల దూరం. సొరుగు లాగితే కేబుల్ పైనే ఉంది. వెంటనే తిరిగి వెళ్తే ఇంట్లోంచే తెచ్చానని ఇంజనీరు పట్టేస్తాడు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, బెంచీ మీద అరగంట కూర్చున్నాను. మూడు గంటలన్నది ఆ పిల్ల భయంకొద్దీ చెప్పిన మాట, రెండున్నర చాలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒంటిగంటా పదికి వెళ్ళి, తెలిసిన కొట్లో దొరికిందంటూ కేబుల్ చేతికిచ్చాను. మరదలు దాన్ని తీసుకుంది కాని బిగించలేదు.

"బజారుదైతే కార్డు కాలిపోతుందని మీరేగా అన్నారు బావా. పెట్టమంటారా?"

ఇంజనీరు నా వైపే చూస్తున్నాడు. గోడ మీద గడియారం నడుస్తోంది.

"పెట్టమ్మా. అది దీందే. నా సొరుగులో ఉంది" అన్నాను.

ఇంజనీరు తిడతాడనుకున్నాను. టార్చి వెలిగించి పట్టుకున్నాడు. పాత కేబుల్లో కాలని తల ఒక సాకెట్‌కు, కొత్తది రెండోదానికి తగిలించాం. కంప్యూటర్ మరి ఆగలేదు.

వీడియో నాలుగుంబావుకు పూర్తయింది. సరిగ్గా మూడు గంటలు. పంపి, మరదలు బిల్డరు ఆఫీసుకు ఫోన్ చేసింది. నాలుగింటికే ఇంకో అమ్మాయిది తీసుకున్నామని చెప్పి పెట్టేశారు.

మరదలు ఫోన్ బల్ల మీద బోర్లించింది. ఏడవలేదు. నా కళ్ళల్లోకి చూస్తూ అడిగింది.

"మీ ఇల్లు పది నిమిషాలేగా బావా. గంట ఎందుకు పట్టింది?"

రోడ్డు మీద రద్దీగా ఉందన్నాను.